ఇంట్లో చేసిన షూటింగ్ బెంచ్ ఎడారిలో ఊగుతోంది, ఎక్కడ సరిచేయాలి?

శ్రీను_ఫీనిక్స్ | మార్చి 2

అందరికీ నమస్కారం. ఈ విభాగం ఏడాదిగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

గ్రీన్ కార్డు వచ్చాక పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి కొన్నాను. ఇన్నాళ్లూ బెన్ ఏవరీ షూటింగ్ రేంజికే వెళ్లేవాణ్ణి. అక్కడివి కాంక్రీటు బెంచీలు, ఏనుగు ఎక్కినా కదలవు. కానీ శని, ఆదివారాలు జనం ఎక్కువ. మా ఆఫీసు మిత్రులు ఐ-17 హైవే మీద ఉత్తరంగా పోయి టేబుల్ మెసా రోడ్డు వైపు బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ) భూముల్లో కాలుస్తారు. ఎదురుగా మట్టికొండ, చుట్టూ నిశ్శబ్దం, బాగుంటుంది. బెంచీ మాత్రం మనమే మోసుకుపోవాలి. మొదట ప్లాస్టిక్ మడత బల్ల తీసుకెళ్లాను. ఊపిరి పీల్చినా స్కోపులోని క్రాస్‌హెయిర్ గీత ఊగిపోయింది.

అందుకని నేనే ఒకటి చేశాను. ముప్పావు అంగుళం ప్లైవుడ్ సగం షీటు, అంటే 4 అడుగులకు 4 అడుగులు. కుర్చీ పట్టేంత మేర ఒక మూల కోసేశాను. నాలుగు కాళ్లూ ముప్పావు అంగుళం గాల్వనైజ్డ్ పైపులు, ఒక్కోటి 30 అంగుళాలు. పలక కింద ఫ్లోర్ ఫ్లాంజులు (మధ్యలో మర ఉన్న గుండ్రటి ఇనుప బిళ్లలు) స్క్రూలతో బిగించి, పైపులు వాటిలోకి తిప్పి ఎక్కిస్తాను. విప్పితే కారు డిక్కీలో పడుతుంది.

గరాజులో నిలబెడితే రాయిలా ఉంది. ఎడారిలో పెట్టేసరికి ఒక కాలు గాలిలో తేలింది. కింద రాయి పెడితే ఇంకో కాలు లేచింది. సరిచేసి కూర్చుంటే, చెంప స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద ఆన్చగానే టార్గెట్ మీద గీత ఎటో పోతోంది. అదే రైఫిల్, అవే తూటాలు, 50 గజాలు. కాంక్రీటు బెంచీ మీద పది తూటాలు అంగుళంలో పడతాయి. నా బెంచీ మీద మూడు అంగుళాలు.

మందం పైపులు కొనాలా? ఇంకో షీటు అంటించి పలక మందం చేయాలా? రెండు వారాంతాలు పోశాను దీనికి. దయచేసి చెప్పండి.


వడ్రంగం_రాజు (హ్యూస్టన్) | మార్చి 2

తమ్ముడూ, ముందు ఒక మాట. పలక బాగుంది, పారేయకు. మందం పైపులూ కొనకు. నీ కాళ్లకు బలం చాలదని కాదు, కాలు పలకను కలిసే చోటే పట్టు లేదు.

మా నాన్న వడ్రంగి. మా ఊళ్లో పాలు పితికే వాళ్లందరికీ ముక్కాలిపీటలు చేసి ఇచ్చేవాడు. పశువుల కొట్టంలో నేల ఎప్పుడైనా చదునుగా ఉంటుందా? పేడ, గుంటలు, రాళ్లు. అయినా మూడు కాళ్ల పీట ఊగదు. పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పెడతాం? మూడు చోట్ల ఆనితే ఏ నేల మీదైనా మూడూ ఆనతాయి. నాలుగోది వచ్చిందంటే ఒకటి తేలాల్సిందే. ఎడారిలో నువ్వు ఎన్ని రాళ్లు పేర్చినా అది మారదు. ఒక కాలు తీసెయ్.

ఇక ఫ్లాంజు. దాని వెడల్పు మూడు, మూడున్నర అంగుళాలు. అందులోకి పైపు మర ఎక్కేది అర అంగుళమో, ఇంకాస్తో. దాని కింద 30 అంగుళాల పైపు వేలాడుతోంది. ఫ్లాంజు అంచున స్క్రూ దగ్గర 0.1 మిల్లీమీటరు సందు వచ్చిందనుకో, కాలు కొసకు వచ్చేసరికి అది ఒక మిల్లీమీటరు అవుతుంది. పైగా ప్రతిసారీ విప్పి బిగిస్తున్నావు కాబట్టి, ప్లైవుడ్‌లో ఆ నాలుగు స్క్రూల బెజ్జాలూ రోజురోజుకీ వదులవుతాయి. ఇంట్లో షెల్ఫులకు ఫ్లాంజులు భేష్. పక్కనుంచి తోపు పడే చోట కాదు.

2x4 కర్రతో కాళ్లు చేసి, పలక కింద చెక్క గూళ్లు కట్టు. కావాలంటే కొలతలు రాస్తాను.


బాబీ_అట్లాంటా | మార్చి 3

బెంచీ గొడవంతా ఎందుకు అన్నా? ముందు బైపాడ్ (రైఫిల్‌కి తగిలించే రెండు కాళ్లు), వెనక చిన్న ఇసుక సంచి, కింద చాప. బోర్లా పడుకుని కాలిస్తే భూమి కంటే గట్టి బెంచీ ఏముంది?


శ్రీను_ఫీనిక్స్ | మార్చి 3

బాబీ, నిజమే, కానీ ఇక్కడ నేల నిండా ముళ్లు. చోయా కాక్టస్ ముక్క చాపలోంచి దిగి మోచేతికి గుచ్చుకుంటే ప్లయర్‌తో పీకాల్సి వచ్చింది. దానికి తోడు నాకు మెడ నొప్పి ఉంది, పడుకుని తల ఎత్తి అరగంట చూడలేను. మా ఆవిడ కూడా నేర్చుకుంటోంది, తనకూ కూర్చుని కాల్చడమే సుఖం.

రాజు అన్నా, కొలతలు తప్పకుండా రాయండి. కానీ ఒక అనుమానం. మూడు కాళ్లయితే మోచెయ్యి ఆన్చినప్పుడు ఒక మూలకి ఒరిగిపోదా?


పద్మ_కొలంబస్ | మార్చి 3

ఒరిగిపోతుంది, కాళ్లు తప్పు చోట పెడితే. నేను మా క్లబ్బులో నాలుగేళ్లుగా రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్, అంటే పాయింట్ 22 లాంటి రైఫిల్‌ను బెంచీ మీద ఆన్చి కాల్చే పద్ధతిలో కాలుస్తున్నాను. మెకానికల్ ఇంజినీరుని కాబట్టి కాస్త లెక్కతో చెబుతాను, ఓపికగా చదవండి.

బెంచీ కదలడం అంటే అన్ని కదలికలూ ఒకటి కావు. బెంచీ మొత్తం పక్కకి ఒక మిల్లీమీటరు జరిగిందనుకోండి, రైఫిల్ కూడా దాంతోపాటే జరుగుతుంది, టార్గెట్ మీద తేడా ఆ ఒక్క మిల్లీమీటరే. దానివల్ల ఏ నష్టం లేదు. బెంచీ తిరిగినప్పుడే అసలు నష్టం. రైఫిల్ ముందుభాగం ఆనే రెస్టుకీ వెనక సంచికీ మధ్య 18 అంగుళాలు ఉందనుకుందాం. ముందుభాగం అలాగే ఉండి వెనకభాగం ఒక్క మిల్లీమీటరు దిగినా, పక్కకి జరిగినా, 50 గజాల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు, అంటే 4 అంగుళాలు తప్పుతుంది. 100 గజాలకి 8 అంగుళాలు. మీ మూడు అంగుళాల గ్రూపు (తూటాలు పడిన మేర) ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

నిటారు కాళ్లయితే పలక ఇట్టే మెలితిరుగుతుంది. కాళ్లను బయటికి వాలుగా పెడితే ఆ మెలి చాలావరకు ఆగిపోతుంది. 12 డిగ్రీలు చాలు.

కాళ్లు ఎక్కడ పెట్టాలంటే: మీరు కుడిచేతి వాటం అయితే, కుర్చీ ఎడమవైపు, పలక తోకలాగా కుడివైపు వెనక్కి వస్తుంది. మీ బరువంతా పడేది కుడి మోచేతి మీద. ఒక కాలు సరిగ్గా ఆ తోక చివర. రెండోది ఎడమ వెనక అంచున, మీ ఎడమ మోచేతి కంటే కాస్త బయటికి. మూడోది ముందు మధ్యలో, ముందు రెస్టు కిందికి వచ్చేలా. ఈ మూడింటినీ కలిపి నేల మీద గీత గీస్తే వచ్చే త్రికోణంలోనే మీ రెండు మోచేతులూ, రైఫిలూ ఉండాలి. గీత బయట ఏది పడినా బెంచీ అటు ఒరుగుతుంది. ముందు రెండు మూలలకీ కాళ్లుండవు కాబట్టి వాటిని కోసేయండి. కాలు లేని చోట చెక్క ఉంటే ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తారు, బరువు కూడా వృథా.

కొత్తది చేసే ముందు ఇప్పుడున్న బెంచీతోనే ఒక పరీక్ష చేయండి. ఛాంబరు (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూసి, రైఫిల్ బోల్టు పూర్తిగా బయటికి తీసేసి, ఎదురుగా మట్టికట్ట ఉన్నప్పుడే చేయండి. రైఫిల్‌ను సంచుల మీద పెట్టి గీతను టార్గెట్ మధ్యకి తెచ్చి, రైఫిల్ ముట్టుకోకుండా స్కోపులోంచి చూస్తూ, బెంచీని ఒక్కోచోట బొటనవేలితో నొక్కండి. గీత ఎటు పోతుందో రాసుకోండి. జబ్బు ఎక్కడుందో బెంచీయే చెబుతుంది.


టక్సన్_వెంకట్ | మార్చి 4

బెంచీ సంగతి వాళ్లు చూసుకుంటున్నారు, నేను స్థలం సంగతి చెబుతాను. శ్రీను గారూ, ఆ ప్రాంతంలో బీఎల్ఎం భూములూ, స్టేట్ ట్రస్ట్ (రాష్ట్రం చేతిలోని) భూములూ పక్కపక్కనే కలిసిపోయి ఉంటాయి. స్టేట్ ట్రస్ట్ భూమిలో టార్గెట్ షూటింగ్ కుదరదు. కంచె ఉండదు, బోర్డు కూడా ప్రతిచోటా ఉండదు. ఫోనులో భూమి ఎవరిదో చూపించే మ్యాపు పెట్టుకుని, దిగిన చోట చుక్క సరిచూసుకోండి.

వేసవి ఎండలు ముదిరాక అగ్ని ఆంక్షలు వస్తాయి. అప్పుడు కాల్చడమే నిషేధించవచ్చు, బయల్దేరే రోజు పొద్దున చూసి వెళ్లండి. స్టీల్ కోర్ తూటాలు రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, ఎండిన గడ్డికి అది చాలు. సగువారో కాక్టస్‌కి టార్గెట్ కాగితం అంటించిన వాళ్లని నా కళ్లతో చూశాను. అది రాష్ట్ర చట్టం రక్షణలో ఉన్న మొక్క, ఆ ఎత్తుకి ఎదగడానికి వందేళ్లు పట్టి ఉంటుంది. దయచేసి ఎవరూ చేయొద్దు. ఖాళీ తొడుగులు, కాగితాలు, ఇతరులు వదిలేసిన చెత్త కూడా ఒక సంచి నిండా ఏరుకుని రండి. చెత్త పేరుకుపోయిన స్థలాలే ముందు మూసేస్తున్నారు.


కొత్తసభ్యుడు_డాలస్ | మార్చి 4

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్‌తో కలిసి వెళ్లి ఆయన రైఫిల్‌తోనే కాలిస్తే ఇబ్బంది ఉంటుందా?


నిర్వాహకుడు | మార్చి 4

ఉంటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. ‘నాది కాదు కదా, ఫ్రెండుదే కదా’ అనుకోవద్దు. చట్టం చూసేది ఎవరు కొన్నారని కాదు, ఎవరి చేతిలో ఉందని. మీ వీసా, మీ ఉద్యోగం, మీ కుటుంబం అన్నీ దీంతో ముడిపడి ఉన్నాయి. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే అడుగు వేయండి. దీని మీద ఇంకా అడగాలంటే విడిగా చర్చ తెరవండి, ఇక్కడ బెంచీ గురించే సాగనిద్దాం.


శ్రీను_ఫీనిక్స్ | మార్చి 8

పద్మ గారూ, మీ పరీక్ష నిన్న చేశాను. ఇంత తెలుస్తుందని అనుకోలేదు.

బోల్టు తీసి జేబులో వేసుకున్నాను. 50 గజాల్లో తెల్ల కాగితం, మధ్యలో నల్ల చుక్క. ముందు అంచున నొక్కితే గీత కొద్దిగా కిందికి. ఎడమవైపు నొక్కితే దాదాపు కదల్లేదు. కుడి మోచెయ్యి పెట్టే చోట బొటనవేలు ఆన్చగానే గీత చుక్క దాటి పైకి లేచి కాగితం అంచు దగ్గర ఆగింది. వేలు తీస్తే తిరిగి వచ్చింది, కానీ సరిగ్గా అదే చోటికి రాలేదు. తర్వాత మోకాలితో కాలి పైపును మెల్లగా తట్టాను. గీత కుడికి ఊగి, ఎడమకి ఊగి, మూడు నాలుగు సార్లు కొట్టుకుని ఆగింది. ఇంటికొచ్చి ఫ్లాంజులు చూస్తే, కుడి వెనక దాని రెండు స్క్రూలు చేత్తో తిరుగుతున్నాయి.

రాజు అన్నా, ఒక కాలు కాదు, నాలుగూ తీసేస్తున్నాను. కొలతలు చెప్పండి.


వడ్రంగం_రాజు (హ్యూస్టన్) | మార్చి 8

మంచిది. రాసుకో.

ముందు ఎత్తు తేల్చుకో. నువ్వు వాడే స్టూలు మీద కూర్చుని, ఎదురుగా అట్టపెట్టెలూ పుస్తకాలూ పేర్చి, పైన సంచులూ రైఫిలూ పెట్టి చూడు. వీపు నిటారుగా ఉండి, మెడ వంచకుండా చెంప స్టాక్‌కి ఆనాలి. ఆ పేర్చిన పెట్టెల ఎత్తు కొలిచి పలక మందం తీసేస్తే కాళ్ల ఎత్తు వస్తుంది. ఎవరి ఎత్తు వాళ్లది, నా కొలత నీకు పనికిరాదు. మీ ఆవిడ కూడా కూర్చుంటుంది కాబట్టి పొట్టిగా ఉన్నవాళ్లకి స్టూలు ఎత్తు పెంచు, బెంచీ జోలికి పోకు.

2x4 అంటారు గానీ అది ఒకటిన్నరకి మూడున్నర అంగుళాలు ఉంటుంది. దుకాణంలో కట్ట మీద పైనున్నది తీసుకోకు. ఒక్కోటి కంటి దగ్గర పెట్టుకుని కొస నుంచి కొసకి చూసి, వంపు లేనిది, ముడులు తక్కువున్నది ఏరుకో.

గూడు ఇలా: 2x4 ముక్క ఒకదాన్ని 12 డిగ్రీల ఏటవాలుగా కోసి పలక కింద జిగురుతో, స్క్రూలతో అంటించు. దాని మీద కాలికి అటూ ఇటూ రెండు చెక్కలు, వెనక ఒక చెక్క. కాలు 6 అంగుళాల లోతు దూరాలి. ఆ రెండు పక్క చెక్కలకీ కాలికీ కలిపి 3/8 అంగుళాల క్యారేజ్ బోల్టు ఒకటి, చివర వింగ్ నట్. స్క్రూలు పక్కకి లాగకుండా ఉండాలంటే జిగురే ముఖ్యం, తడికి ఓర్చే రకం పూసి ఒక రాత్రంతా క్లాంపుల్లో ఉంచు. 30 అంగుళాల కాలు 12 డిగ్రీలు వాలితే కింద 6 అంగుళాల పైచిలుకు బయటికి పోతుంది. కాళ్ల కొసలు కూడా అదే వాలుకి కోయాలి, లేకపోతే అంచు మీద నిలబడుతుంది.

తొందరపడకు. ఒక గూడు పూర్తిగా చేసి, కాలు దూర్చి, అటూ ఇటూ లాగి చూసుకున్నాకే రెండోది మొదలుపెట్టు.


ఇమ్రాన్_హైదరాబాద్ | మార్చి 10

భాయ్, ఇక్కడ మాకు ఎయిర్ రైఫిలే. 0.177 బోరు, 20 జౌళ్ల లోపు, లైసెన్సు అక్కర్లేదు. మీ చర్చ చూసి 19 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో మూడు కాళ్ల బెంచీ చేయించాను. మా వడ్రంగి చాలా గట్టిగా చేశాడు, రాయిలా ఉంది. కానీ 10 మీటర్లలో చేత్తో పట్టుకుని కాల్చినప్పటికంటే బెంచీ మీదే గ్రూపు పెద్దగా వస్తోంది. స్ప్రింగ్ రైఫిల్. గట్టి ఇసుక సంచి మీద పెట్టి, పైనుంచి నొక్కి పట్టుకుంటున్నాను. ఎందుకిలా?


పద్మ_కొలంబస్ | మార్చి 10

ఇమ్రాన్ గారూ, మీ బెంచీలో తప్పు లేదు, పట్టుకోవడం మార్చండి. స్ప్రింగ్ రైఫిల్ ఒక్కసారి కాదు, రెండుసార్లు తంతుంది. పిస్టన్ ముందుకి దూకగానే రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ ఎదురుగా గాలి నొక్కుకుపోయి అడ్డుకునేసరికి రైఫిల్ ముందుకి ఎగురుతుంది. ఇదంతా అయ్యేసరికి పెల్లెట్ ఇంకా గొట్టం దాటి ఉండదు. గట్టి సంచి మీద నొక్కిపెడితే ఆ రెండు తాపులూ ప్రతిసారీ ఒక్కో తీరుగా వస్తాయి.

సంచి మీద మీ అరచెయ్యి వెల్లకిలా పెట్టి, దాని మీద రైఫిల్‌ను ఊరికే ఆననివ్వండి. వేళ్లు మూయొద్దు. భుజానికి తగిలీ తగలనట్టు, చెంప తేలిగ్గా. దీన్ని ఆర్టిలరీ హోల్డ్ అంటారు. అరచెయ్యి ఆనే చోటు స్టాక్ మీద చిన్న టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ అదే చోటు కావాలి. పీసీపీ (ముందే నొక్కి నింపిన గాలితో పనిచేసే) రైఫిల్‌కి ఈ బాధ లేదు, దాన్ని సంచి మీదే పెట్టుకోవచ్చు.


ఇమ్రాన్_హైదరాబాద్ | మార్చి 11

పద్మ గారూ, ఇందాకే డాబా మీద చూశాను. ఐదు పెల్లెట్లు ఒక రూపాయి బిళ్ల కింద మూసుకుపోయేలా పడ్డాయి. చాలా థాంక్స్.


శ్రీను_ఫీనిక్స్ | మార్చి 23

బెంచీ అయింది. రెండు వారాంతాలు అనుకున్నది మూడు పట్టింది, మొదటి గూడు రెండుసార్లు చేశాను.

ముందు మూలలు రెండూ కోసేశాక పలక చాలా తేలికైంది. మొత్తం బరువు ఇంట్లో కాటా మీద 40 పౌండ్లకు కాస్త తక్కువ. కోసిన అంచులన్నీ ఇసుక కాగితంతో రుద్ది, బయట వాడే వార్నిష్ మూడు పూతలు వేశాను. పైన పాత కార్పెట్ ముక్క అంటించాను, రైఫిల్ గీసుకోకుండా. వెనక సంచికి పాత జీన్స్ కాలు కత్తిరించి, మా ఆవిడ రెండు కుట్లు వేసి ఇచ్చింది, లోపల ఇసుక. ముందు బియ్యం నింపాను గానీ గింజలు సర్దుకుంటూ మెల్లగా కుంగుతున్నాయి, ఇసుక అలా లేదు.

ఒకటి నేను సొంతంగా చేర్చాను. పలక కింద మధ్యలో గట్టి కొక్కెం ఒకటి బిగించి, 5 గ్యాలన్ల నీళ్ల క్యాను తగిలించాను. నీళ్లు ఎలాగూ తీసుకెళ్లాలి. అది 40 పౌండ్ల పైన ఉంటుంది, మూడు కాళ్లనీ ఒకేలా నేలకి నొక్కిపెడుతోంది. క్యాను ఊగకుండా అడుగు నేలకి ఆనీ ఆననట్టు తాడు సరిచేశాను.

నిన్న పొద్దున ఆరున్నరకే వెళ్లాం. రసమట్టం పెట్టి చూడనే లేదు, మూడు కాళ్లు దించగానే నిలబడిపోయింది. ముందు రైఫిల్ బోల్టు తీసి బొటనవేలి పరీక్ష. మోచేతి చోట నొక్కితే గీత కదిలింది, కానీ నల్ల చుక్కలోపలే, వేలు తీయగానే అదే చోటికి వచ్చింది. మోకాలితో తడితే ఒక్క వణుకు, అంతే. తర్వాత పది తూటాలు, 50 గజాలు: అంగుళంన్నర. మా ఆవిడ పది కాల్చింది, తనది టేపు మీద అంగుళం దాటి రెండు గీతలు. తనే గెలిచింది.

రాజు అన్నా, పద్మ గారూ, మీ ఇద్దరి మాటలు వినకపోతే ఈపాటికి మందం పైపులు కొని ఉండేవాణ్ణి. మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.


టక్సన్_వెంకట్ | మార్చి 23

చాలా సంతోషం. ఒక్క జాగ్రత్త, గొట్టం కొస బెంచీ ముందు అంచు దాటి బయటికి ఉండేలా పెట్టుకోండి. పాయింట్ 22కి పెద్దగా తెలియదు గానీ, రేపు పెద్ద రైఫిల్ పెడితే గొట్టంలోంచి వచ్చే గాలి తాకిడికి కార్పెట్ లేచిపోతుంది, శబ్దం కూడా మీ మొహం మీదికే తిరిగి వస్తుంది.


శ్రీను_ఫీనిక్స్ | ఏప్రిల్ 13

చిన్న ఇబ్బంది. మూడు వారాలు బెంచీ గరాజులోనే ఉంది. ఈరోజు కాళ్లు దూర్చితే ఎడమ వెనకది లొటలొటలాడుతోంది. బోల్టు ఎంత బిగించినా పట్టు రావడం లేదు. గూడు పగల్లేదు, జిగురు ఊడలేదు.


వడ్రంగం_రాజు (హ్యూస్టన్) | ఏప్రిల్ 13

అది నీ పనితనం తప్పు కాదు, మీ ఊరి గాలి. దుకాణంలో కొన్నప్పుడు కర్రలో ఇంకా తేమ ఉంటుంది. ఫీనిక్స్ పొడి గాలికి, గరాజు వేడికి అది ఎండి సన్నబడింది. మా హ్యూస్టన్‌లో అయితే ఉబ్బి గూట్లోంచి రాకుండా ఏడిపిస్తుంది.

మిగిలిన ముక్కలోంచి ఒక చీలిక పొడుగ్గా, ఒక కొస పల్చగా, ఇంకో కొస కార్డుముక్కలు నాలుగైదు కలిపినంత మందంగా ఉండేలా చెక్కు. కాలు దూర్చాక దాని పక్క సందులో కింది నుంచి పెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు వెయ్. సుత్తి వాడకు, గూడు చీలుతుంది. తర్వాత బోల్టు బిగించు. మూడు కాళ్లకీ మూడు చేసుకుని, పోకుండా ఒక్కోదానికి బెజ్జం వేసి తాడుతో బెంచీకే కట్టుకో. కాళ్లకి 1, 2, 3 అని గుర్తులు కూడా రాసుకో. ఏ కాలు ఆ గూట్లోకే వెళ్లాలి.


శ్రీను_ఫీనిక్స్ | ఏప్రిల్ 14

చేశాను అన్నా. పట్టేసింది. చెక్కలకి మా పాప ఎర్ర రంగు వేసి, 1, 2, 3 అంకెలు కూడా తనే రాసింది. వేడి ముదరకముందే శనివారం మళ్లీ వెళుతున్నాం. ఆంక్షలు ఇంకా రాలేదు, పొద్దున మళ్లీ చూసుకునే బయల్దేరతాం.